బల్ల మీద ఒకే డబ్బా

మార్చి 3, సోమవారం

ఉదయం మెరె ఫోన్ చేసింది. ఫెర్గస్ నెలాఖరుకి కొండ మీదికి వేటకి వెళ్తాడట. ఎర్ర దుప్పులు ఈసారి ముందే రంకెలు మొదలుపెట్టేలా ఉన్నాయట.

"అడగడానికి నోరు రావడం లేదన్నయ్యా. ఈ ఏడాదికి తూటాలు కొట్లో కొనుక్కో అన్నాను. వింటేనా! బావ చేతి తూటా తప్ప నా తుపాకీకి వేరేది పడదంటాడు."

"ఇరవై చేసిపెడతానని చెప్పు."

"నిజంగానా? నీకిప్పుడు..."

"ఇరవై చాలు కదా?"

మెరె గొర్రెల కాళ్ళకి పట్టిన కుంటు గురించి చెప్పింది. మాట్లాడుతున్నంతసేపూ వెనక ఫెర్గస్ దగ్గు వినిపిస్తూనే ఉంది. అడిగింది భార్య, అడిగించింది మొగుడు.

నా రోనాకి ఉన్నది ఈ ఒక్క తమ్ముడే. కాదనడానికి కారణం లేదు.


మార్చి 4

షెడ్డు తాళం తీశాను. జనవరి తర్వాత ఇదే.

అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. త్రాసు మీద గుడ్డ కప్పి ఉంది. కప్పింది రోనా. మేకుకి ఆమె టార్చి. కిటికీ గట్టు మీద ఎర్ర గోళ్ళరంగు సీసా. ఆమె ఎన్నడూ గోళ్ళకి రంగు వేసుకోలేదు. ఆ సీసా తూటాల కోసం.

పెళ్ళయిన ఏడాది నుంచీ పని ఒకటే తీరు. వాడిన ఇత్తడి గొట్టాలు శుభ్రం చేసి, అడుగున నిప్పు పుట్టించే కొత్త క్యాపు బిగించి, చెక్క దిమ్మెలో వరసగా నిలబెట్టేది నేను. కొలత యంత్రం పిడి లాగి ఒక్కో గొట్టంలో తుపాకీ మందు పోసేది నేను. అప్పుడు ఆమె వచ్చేది. టార్చి వేసి ఒక్కో గొట్టంలోకి తొంగి చూసేది. ఎక్కువ పడినా, తక్కువ పడినా, అసలు పడకపోయినా ఆ చూపుకి దొరికిపోయేది. ఆమె చూశాకే పైన గుండు బిగించడం. ఆఖర్న క్యాపు మీద ఒక ఎర్ర చుక్క. చుక్క ఉందంటే రోనా చూసిందని. చుక్క లేని తూటా మా ఇంటి నుంచి ఒక్కటీ బయటికి పోలేదు.

"కొలవడం నీ పని, నమ్మకపోవడం నా పని" అనేది.

బల్ల మీద ఒకే డబ్బా. అది ఆమె పెట్టిన ఇంకో నియమం. మా ఇద్దరి మందు డబ్బాలూ ఒకేలా నల్లగా ఉంటాయి. నాది రైఫిలు మందు, ఆమెది బాతుల తుపాకీ మందు. నాది సన్నటి తుంపులు, తాపీగా కాలుతుంది. ఆమెది పల్చటి రేకులు, ఒక్కసారే భగ్గుమంటుంది. "అచ్చం మనలాగే" అని కొత్తలో నవ్వింది. రేకుల మందు రైఫిలు తూటాలో పడితే దుప్పికేమీ కాదు. తుపాకీ, పేల్చిన మనిషి చెంప దగ్గరే పగులుతుంది.

తుడిచాను. తాళం వేశాను. ఇవాళ్టికి చాలు.


మార్చి 6

విచారణాధికారి రిపోర్టు టపాలో వచ్చింది. తొమ్మిది పేజీలు. చదివాను.

ఎగువన కురిసిన వాన వల్ల నది హఠాత్తుగా పెరిగింది. బండి నది దాటే రేవు మధ్యలో పక్కకి ఒరిగింది. నడుపుతున్న వ్యక్తి కిటికీలోంచి బయటపడ్డాడు, పక్కనున్న వ్యక్తి బయటపడలేదు. ఎవరి నిర్లక్ష్యమూ కనిపించలేదు.

రేవులో నేను పాతిన కొలకర్ర ఉంది. తెల్ల గీత దాటి నీళ్ళు వస్తే బండి దించకూడదు. కర్ర ఏ బండి కిటికీలోంచి చూసినా కనిపిస్తుంది. ఫెర్గస్ కర్ర చూడలేదు, నీటి రంగు చూశాడు. "ఇంతకంటే ఎక్కువలో దాటాను" అని రోనాతో అన్నాడట. ఆ మాట ఏడో పేజీలో ఉంది. చెప్పింది అతనే. దాచలేదు. అది మెచ్చుకోవాలి.

రిపోర్టుతో నేను ఏకీభవిస్తున్నాను. ఫెర్గస్ మీద నాకేమీ లేదు.


మార్చి 8

దగ్గరి చూపు కళ్ళజోడు కనిపించడం లేదు. ఇల్లంతా వెతికాను.


మార్చి 10

క్రామ్‌వెల్ వెళ్ళి కళ్ళు చూపించుకున్నాను. కొత్తది రావడానికి రెండు వారాలు పడుతుందట. అప్పటిదాకా చదవాల్సిన పనులు పెట్టుకోకండి అని చెప్పింది ఆ అమ్మాయి. చదవడానికి నాకేమీ లేదని చెప్పాను.

ఊళ్ళో ఇద్దరు ముగ్గురు పలకరించారు. ఒకాయన ఫెర్గస్ పేరెత్తి తిట్టబోయాడు. అతని తప్పు లేదని చెప్పి వచ్చేశాను.


మార్చి 11

ఇత్తడి గొట్టాలు శుభ్రం చేశాను. మూతులు కత్తిరించి ఒకే పొడవుకి తెచ్చాను. క్యాపులు బిగించాను. ఇవన్నీ వేళ్ళతో తెలిసే పనులు. కళ్ళ అవసరం లేదు.


మార్చి 13

షెడ్డులో రోనా అలమర ఖాళీ చేయడం మొదలుపెట్టాను. ఎప్పటికైనా చేయాల్సిందే. బాతుల్ని పిలిచే పీక, వాన టోపీ, చేతి తొడుగులు, ఆమె మందు డబ్బా. డబ్బా కిందటి మే నెలలో కొన్నది, ఇంకా సీలు తీయలేదు. అన్నీ బల్ల మీద పెట్టాను. సర్దడానికి అట్టపెట్టె తేవాలి.


మార్చి 14, శుక్రవారం

మందు పోయడం పూర్తయింది.

కొలత ఒకేలా రావడం యంత్రం గొప్ప కాదు, చేతి గొప్ప. ముప్పై ఏళ్ళు వ్యవసాయ శాఖ ప్రయోగశాలలో మట్టి తూచినవాణ్ణి. పిడి పైకి, ఒక ఊపిరి ఆగి, కిందికి. ప్రతిసారీ అదే వేగం, అదే బలం. యంత్రం పైన గాజు గొట్టంలో మందు సగానికి తగ్గకూడదు. తగ్గితే పై బరువు తగ్గి కొలత మారుతుంది. ప్రతి అయిదోదాన్నీ త్రాసులో పోసి తూచాలి. తుంపుల మందు కాబట్టి పిడి తిప్పినప్పుడు లోపల ఒకటో రెండో తెగుతాయి. చేతికి సన్నటి కరకర తగులుతుంది. అది నాకు ఇష్టం.

నా డబ్బాలో మిగిలినదంతా గాజు గొట్టంలో వంపాను. కొంచెమే ఉంది. ఇరవైకి సరిపోతుందనుకున్నాను.

సగం పైన అయ్యాక ఇంట్లో ఫోన్ మోగింది. ఫెర్గస్.

"బావా, ఏం చేస్తున్నావు?"

"షెడ్డులో ఉన్నాను."

"మధ్యలో లేపేశానా? అక్క ఉంటే ఫోన్లోనే చెవి మెలేసేది."

"పర్లేదు, చెప్పు."

"ఏం లేదు. ఓ వారం పది రోజులు కొండ మీదే ఉండి వస్తా. ఇంట్లో ఉండలేకపోతున్నా. మెరె వండుతుంది, తింటున్నా, అంతే." ఆగాడు. "బావా, నన్ను ఒక్కసారి తిట్టు."

"దేనికి?"

"దేనికేంటి! ఊరంతా తిట్టింది. మెరె తిట్టింది. మా గొర్రెలు కూడా తిడుతున్నట్టే ఉంది. నువ్వొక్కడివే తిట్టలేదు."

"రిపోర్టు చదివావుగా. ఎవరి తప్పూ కాదు."

"రిపోర్టుని ఎవడు అడిగాడు? నిన్నడుగుతున్నా."

"వచ్చే శనివారం వచ్చి తూటాలు తీసుకెళ్ళు" అని పెట్టేశాను.

వెనక్కి వచ్చాను. ఎక్కడ ఆపానో గుర్తుంది. గాజు గొట్టంలో మందు అడుగుకి చేరింది. డబ్బా ఎత్తి పోశాను. ఆ తర్వాత పిడి వెన్నలా తిరిగింది. ఇన్నేళ్ళలో ఇంత మెత్తగా ఎప్పుడూ తిరగలేదు. కరకర లేదు.

పదిహేనోది తూకం బాగా తక్కువ వచ్చింది. తేమ కావచ్చు. యంత్రం మర కొంచెం తిప్పి సరిచేశాను. ఇరవయ్యోది సరిగ్గా వచ్చింది.

టార్చి మేకుకి వేలాడుతోంది, చేతికందే దూరంలో. తీయలేదు. అది ఆమె పని. పైగా కళ్ళజోడు లేదు.

గుండ్లు బిగించేశాను. మిగిలిన మందు గాజు గొట్టంలోనే ఉంది. రేపు తీస్తాను.


మార్చి 15

పెట్టెలో సర్దాక చూస్తే బోసిగా ఉన్నాయి. ఇరవై ఇత్తడి అడుగులు, ఒక్కదాని మీదా ఏమీ లేదు. ఫెర్గస్ చూస్తే అడుగుతాడు. ఏమని చెప్పాలి?

గోళ్ళరంగు సీసా మూత బిగుసుకుపోయింది. వేడినీళ్ళలో పెట్టి తీశాను. చుక్కలు పెట్టాను.


మార్చి 18

ఏమీ లేదు.


మార్చి 22, శనివారం

ఫెర్గస్ వచ్చాడు. బండి గేటు బయటే ఆపి నడిచి వచ్చాడు. కొత్త బండి కొన్నాక మా వాకిట్లోకి దాన్ని తేలేదు. మెరె చేసిన చీజ్ రోల్స్ తెచ్చాడు.

"ఇవి నువ్వు తినేదాకా ఇక్కణ్ణుంచి కదలొద్దంది. ఖాళీ డబ్బా చూపించకపోతే నాకు రాత్రికి తిండి లేదు."

ఒకటి తిన్నాను.

"చిక్కిపోయావు బావా."

"నువ్వూ చిక్కావు."

"నాకు నిల్వ ఉందిలే. నీకేముంది, ఎముకలు తప్ప."

పెట్టె ఇచ్చాను. మూత తీశాడు. నవ్వు ఆగిపోయింది. వేలితో ఒక చుక్కని తాకబోయి, తాకలేదు.

"ఇవి... అక్క చూసినవా?"

"డిసెంబరువి."

"కొత్తవి చేస్తానన్నావుగా?"

"వెతికితే ఇవి దొరికాయి. అప్పట్లో చేసి పక్కన పెట్టాం."

అబద్ధమని కాదు. డిసెంబరులో కూడా మేం తూటాలు చేశాం. చుక్కలు పెట్టింది ఆమే.

ఫెర్గస్ తన ఉన్ని టోపీ తీసి పెట్టెని అందులో చుట్టి, చొక్కా లోపల పెట్టుకున్నాడు. గేటు దాకా చేత్తో అదిమి పట్టుకునే నడిచాడు.

వెళ్ళేముందు మళ్ళీ ఏదో అనబోయాడు. నేను తలుపు వేశాను. గాలి ఎక్కువగా ఉంది.


మార్చి 25

కొత్త కళ్ళజోడు వచ్చింది. చేతి మీద వెంట్రుకలు కూడా కనిపిస్తున్నాయి. ఇంత అవసరం లేదు.


మార్చి 27

ఫెర్గస్ ఈ ఉదయం బయల్దేరాడని మెరె చెప్పింది. ఒక్కడే వెళ్ళాడు. పై గుడిసెలో మకాం. అక్కడ ఫోన్ అందదు. వచ్చే వారం చివరికి దిగుతాడు.

"నువ్వూ వెళ్ళుంటే బాగుండేదన్నయ్యా. ఒక్కడే ఉంటే ఏం ఆలోచిస్తాడో ఏమో."

ఏమీ ఆలోచించడని చెప్పాను. దుప్పులున్నాయి కదా.


మార్చి 29, శనివారం

కొలత యంత్రం గొట్టం ఖాళీ చేశాను. రోజుల తరబడి మందు అందులోనే ఉండిపోయింది. ఇంతకుముందు ఎప్పుడూ అలా వదల్లేదు.

తెల్ల కాగితం మీద వంపాను. కళ్ళజోడు ఉంది.

రేకులు.

తుంపులు ఒకటీ అరా. మిగిలినదంతా రేకులే. ఆకుపచ్చ మెరుపున్న బూడిదరంగు రేకులు.

రోనా డబ్బా బల్ల మీదే ఉంది. సీలు తీసి ఉంది. సగం లేదు. నా డబ్బా కింద ఉంది, ఖాళీగా. ఎప్పుడు ఖాళీ అయిందో గుర్తు లేదు.

ఫోన్ వచ్చేదాకా పోసినవి బాగానే ఉండాలి. ఆ తర్వాతివి బాగుండవు. పదమూడో పద్నాలుగో నుంచి. పెట్టెలో ఏది ఎక్కడుందో చెప్పలేను. ఇరవైలో ఆరేడు. చేతికి ముందు ఏది తగిలితే అది.

తూకం తగ్గితే నేను మర తిప్పాను. తప్పుడు మందుని సరైన బరువుకి తెచ్చాను. ప్రయోగశాలలో ఎవరైనా ఇలా చేస్తే ఆ రోజే ఇంటికి పంపేవాణ్ణి.

ఇదంతా ఒక అంచనా మాత్రమే. తూటా విప్పి చూస్తే తప్ప ఖాయంగా చెప్పలేం.

పోలీసులకి చెబితే హెలికాప్టర్ పంపిస్తారు. ఒక అంచనా కోసం హెలికాప్టర్.


మార్చి 30

వాన. నది పెరిగి ఉంటుంది.

మధ్యాహ్నం మెరె ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ఈపాటికి ఒకటన్నా పడుంటుందంటావా?"

"పడుంటుంది."

"కాలేయం నీకు దాచమంటాను. నీకు, వదినకి అదేగా ఇష్టం... చూడు, మళ్ళీ నోరు జారింది. ఏమనుకోకు."

"మెరె."

"ఊఁ?"

"అతను మొదటి రోజే కొడతాడా? సాధారణంగా?"

"ఆయనా? గుడిసె చేరకముందే ఒకటి పేలుస్తాడు. గురి చూసుకోవాలిగా. ఏం?"

చెబుదామనుకున్నాను. పొయ్యి మీద ఏదో పొంగుతోందని పెట్టేసింది. మళ్ళీ చేయొచ్చు. చేయలేదు. చెప్పి ఏం లాభం? మెరె మాత్రం నది దాటగలదా?

గురి చూసుకునే తూటా పేలి మూడు రోజులై ఉంటుంది. పేలినా ఏమీ కాలేదంటే అది మంచి వాటిలోదే. అంటే మిగిలిన వాటిలో చెడ్డవాటి వంతు ఇప్పుడు ఇంకొంచెం పెరిగింది. ఇది చిన్న లెక్క.


మార్చి 31

వాన వల్ల కదలడానికి లేదు. పొద్దున్నే వాకిట్లో గడ్డి కోశాను. మిగిలిన రోజంతా వరండాలో కూర్చున్నాను.


ఏప్రిల్ 1

గాలి లేని పొద్దున కొండ అవతలి చప్పుళ్ళు కూడా ఇక్కడికి వినిపిస్తాయి. రోనా ఈ వరండాలోనే కూర్చుని టీ తాగుతూ చెప్పేది, అదిగో మా వాడు, అదిగో పక్క లోయ వాళ్ళు, అని.

ఏడు గంటలకి ఒకటి వినిపించింది. ఒక్కటే. తర్వాత ఏమీ లేదు.

నా చేతిలో కప్పు కదల్లేదు. టీ కదల్లేదు. రెండో చప్పుడు కోసం చూశాను. రాలేదు. నేను ఒక పొద్దంతా చూశాను.

నిన్న వరండాలో దేనికి కూర్చున్నానో ఇప్పుడు తెలిసింది.

రేపు తెల్లవారగానే వెళ్తున్నాను. ఇవాళే వెళ్ళొచ్చు. ఇప్పుడు బయల్దేరితే దారిలో చీకటి పడుతుంది.


ఏప్రిల్ 3

నిన్నటి సంగతి ఇవాళ రాస్తున్నాను.

రేవు దగ్గర బండి ఆపాను. జనవరి తర్వాత అక్కడికి వెళ్ళడం అదే. కొలకర్ర నిటారుగా ఉంది. తెల్ల గీతకి జానెడు కింద నీళ్ళు. అడుగున రాళ్ళు లెక్కపెట్టుకునేంత తేట. గట్టు మీద మట్టి ఎండి పగుళ్ళు తేలింది. ఇక్కడ వారంగా వాన పడినట్టు లేదు.

బండి ఇవతలే వదిలి దిగాను. నీళ్ళు మోకాలు దాటలేదు. మధ్యలో ఆగలేదు. ఆమె పేరు అనుకోలేదు. నీళ్ళు చల్లగా ఉన్నాయి, అంతే రాయగలను.

బీచ్ అనే చెట్ల అడవిలో నాలుగు గంటల నడక. రెండు చోట్ల దుప్పులు రంకె వేశాయి. పై గుడిసెకి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పొగగొట్టంలో పొగ లేదు. గడప దగ్గర ఒక జత తడి మేజోళ్ళు ఆరేసి ఉన్నాయి. పిలిచాను. పలకలేదు.

తలుపు మీద చెయ్యి వేశాను. అప్పుడు పైనుంచి తుపాకీ చప్పుడు వచ్చింది. దగ్గర్లోనే.

చప్పుడు మామూలుగానే ఉంది. మామూలు చప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలుసనుకున్నాను. కొండ దాన్ని రెండుసార్లు తిప్పి పంపింది. ఆ తర్వాత ఏమీ లేదు. పేరు పెట్టి అరిచాను. నా గొంతు ఎంత దూరం పోయిందో తెలియదు. వాలు ఎక్కడం మొదలుపెట్టాను. జారి పడ్డాను. లేచి మళ్ళీ అరిచాను.

చాలాసేపటికి చెట్ల మధ్య ఎవరో కదిలారు. భుజం మీద దుప్పి తొడతో దిగుతున్నాడు. మొహం, చేతులు ఉన్నాయి. రెండు కళ్ళూ ఉన్నాయి.

"బావా! నువ్వేంటిక్కడ? మెరెకేమన్నా..."

"మెరె బాగుంది. దేంతో కొట్టావు?"

"ఏంటి?"

"ఏ తూటాతో కొట్టావు?"

వింతగా చూశాడు. జేబులోంచి ఖాళీ గొట్టం తీసి నా చేతిలో పెట్టాడు. ఇంకా వెచ్చగా ఉంది. కొట్లో కొన్నది. అడుగున చుక్క లేదు.

"క్రామ్‌వెల్లో కొన్నా. ఒట్టి చెత్త సరుకు. నిన్న పొద్దున ఎదురుగా నిలబడ్డదాన్ని కొడితే తప్పిపోయింది. అది నావైపు చూసి నవ్వుకుంటూ పోయింది. ఎవరికీ చెప్పకు."

"నేనిచ్చిన పెట్టె ఏది?"

"లోపలుంది. రా, ముందు కూర్చో. మోకాలు చూడు, రక్తం."

మంచం పైన చెక్క అర మీద ఉన్ని టోపీ పరిచి ఉంది. దాని మీద పెట్టె, మూత తీసి. ఇరవై చుక్కలూ పైకి కనిపించేలా. పక్కన ఒక కొవ్వొత్తి ముక్క. నేను వరసలు చూశాను. ఒక్క ఖాళీ కూడా లేదు.

"వాటిని పేల్చను బావా" అన్నాడు ఫెర్గస్. తొడని బల్ల మీద దించి చేతులు తుడుచుకుంటున్నాడు. "పేలిస్తే అయిపోతాయి. అక్క వేలు తగిలినవి ఇంకేమున్నాయి నా దగ్గర? పొద్దున లేవగానే చూస్తా. నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని ఒక్కో చుక్కా పెట్టేది, గుర్తుందా? చిన్నప్పుడు నా లెక్కల పుస్తకం మీద గీతలు గీసేటప్పుడు కూడా అంతే."

నేను ఊరుకోవచ్చు. అది తెలిసింది. అతను వాటిని పేల్చడు. పెట్టె ఇంటికి తీసుకెళ్ళి ఏ గూట్లోనో పెట్టుకుంటాడు. ఎవరికీ ఏమీ కాదు. అలా ఓ ఏడాది. తర్వాత ఒక రోజు ఎవరో ఒకరు, అతని కొడుకో ఎవరో.

"ఆ చుక్కలు నేను పెట్టాను."

అతనికి అర్థం కాలేదు.

"డిసెంబరువి కావు. మార్చిలో చేశాను. రోనా చూడలేదు. నేనూ చూడలేదు. కొన్నిట్లో ఆమె మందు పడింది. బాతుల మందు."

ఫెర్గస్ అర వైపు చూశాడు. తర్వాత తన తుపాకీ వైపు. తర్వాత చేతుల వైపు. చేతులు తిప్పి చూసుకున్నాడు, ముందూ వెనకా.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"శనివారం."

"ఇవాళ బుధవారం బావా."

"నది పెరిగి ఉంటుందని..."

"నది మోకాలి లోతు లేదు." గొంతు పెంచలేదు. "మొన్న రేవు దాకా దిగి చూసొచ్చా. నది ఎంతుందో నాకు చెప్పకు. ఇంకెవరికన్నా చెప్పు, నాకు చెప్పకు."

నేను మోకాలి మీది రక్తం తుడుచుకున్నాను.

"తిట్టమన్నా కదా" అన్నాడు. "రెండుసార్లు అడిగా. తిట్టుంటే అయిపోయేది కదా బావా."

పొయ్యి వెలిగించాడు. నీళ్ళు మరిగేదాకా ఇద్దరం దాని వైపే చూశాం. నాకు టీ పోసి ఇచ్చాడు. తను తాగలేదు. తర్వాత అర దగ్గరికి వెళ్ళి, పెట్టె కింద నుంచి టోపీని మెల్లగా లాగేసుకున్నాడు. పెట్టెని తాకలేదు. టోపీ దులిపి తలకి పెట్టుకున్నాడు.

"తీసుకెళ్ళు" అన్నాడు.

ఈ పొద్దున నాతో రేవు దాకా వచ్చాడు. నది దగ్గర నన్ను ఆగమని చెయ్యి చూపించి, ముందు తను దిగి కొలకర్ర దాకా నడిచాడు. వంగి గీత చూశాడు.

"జానెడు కింద" అని గట్టిగా చెప్పాడు, నేను వినేలా. "దాటు."

దాటాక వెనక్కి చూశాను. ఇంకా నీళ్ళలోనే ఉన్నాడు, కర్ర పట్టుకుని.


ఏప్రిల్ 5, శనివారం

మెరె వచ్చింది. కాలేయం తెచ్చింది, గుడ్డలో చుట్టి.

"ఫెర్గస్ నిన్న దిగాడన్నయ్యా. మూగనోము పట్టాడు. ఏంటంటే నీ తూటాలకి చెమ్మ తగిలిందట, పనికి రాలేదట. దానికింత మొహం మాడ్చుకోవాలా?"

"అలా చెప్పాడా?"

"అంతే చెప్పాడు. నిజమేనా?"

"తేమ ఎక్కువగా ఉంది ఈ ఏడు" అన్నాను.

ఆమె నా మొహం చూసింది. పొయ్యి వెలిగించమంటావా అని అడిగింది. వద్దన్నాను. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"నువ్వు కొండెక్కినందుకు మాత్రం సంతోషం. నిన్ను చూడగానే ఆయనకి ప్రాణం లేచొచ్చుంటుంది."

ఆమె వెళ్ళాక షెడ్డు తీశాను. రోనా డబ్బాని ఆమె అలమరలోకి ఎత్తేశాను. బల్ల మీద తెల్ల కాగితం ఒక్కటే పరిచాను. తూటాలు విప్పే సుత్తి తీశాను. తూటాని అందులో బిగించి చెక్క మీద కొడితే గుండు, మందు ఊడి వస్తాయి. ఒక్కోదాన్నీ విప్పి కాగితం మీద విడివిడి కుప్పలుగా పోశాను.

కుప్పలన్నీ తూచాను, ఒకే బరువు. కొలత బాగుంది. ఎక్కడా తేడా లేదు.

పదమూడు కుప్పలు తుంపులు. ఒకటి కలగలుపు. మిగిలిన ఆరు రేకులు. కిటికీ వెలుతురులో ఆకుపచ్చగా మెరుస్తున్నాయి.

కళ్ళజోడు తీసి పక్కన పెట్టాను. మళ్ళీ చూశాను.

లేకపోయినా కనిపిస్తున్నాయి.